సింహాలు, ఉడతలు, జైనూర్ పోరగాళ్లు

ఆదిలాబాద్ అడవుల వైపు వెళ్లొచ్చానని చెబితే మా తెనాలిలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: జలపాతం చూశావా? చూడలేదు. దారిలో బోర్డు కనిపించింది, వ్యాను ఆపమన్నాను, ఖాజా భాయ్ ఆపలేదు. నేను చూసి వచ్చింది సింహాలనీ, ఉడతలనీ, రాగి తూటాలనీ. అన్నీ నిక్కర్లు వేసుకునే ఉన్నాయి.

నేను పేపరాఫీసులో ఆటల పేజీ దిద్దుతూ జుట్టు ఊడగొట్టుకున్నవాణ్ని. ఆ ఉద్యోగంలో నాకో వ్యసనం పట్టుకుంది. దేశాల ఫుట్‌బాల్ జట్లకు ఉండే ముద్దుపేర్లను తెలుగులోకి దించడం. కామెరూన్ వాళ్లు ‘లొంగని సింహాలు’. బెల్జియం వాళ్లు ‘ఎర్ర దెయ్యాలు’. నైజీరియా వాళ్లు గద్దలు, అదీ మామూలు గద్దలు కాదు, ‘సూపర్ గద్దలు’. ఇంగ్లండు వాళ్లకు మూడు సింహాలు. జూలో తప్ప సింహమే లేని దేశానికి ఒకటి చాలక మూడు. నేను ఇవన్నీ పేజీలో ఒక మూల వేస్తుండేవాణ్ని. చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మా ఆవిడ మాత్రం “సూపర్ గద్దా, కూరల్లేవు, వెళ్లి తెండి” అనేది.

ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్నాక కరీంనగర్ నుంచి ఫోను వచ్చింది. ఆ పేర్లు చదివిన మనిషి ఒకడు ఉన్నాడు. పేరు ఖాజా, ఆట సామాన్ల దుకాణం. ఏటా చలికాలంలో నాలుగు జట్లతో ఒకరోజు పోటీ పెడతాడు. ఈసారి ఒక్కో జట్టుకు ఒక దేశం ముద్దుపేరు పెడదామని అతని సరదా. పేర్లు నేను పెట్టాలి, వచ్చి మైకులో వ్యాఖ్యానం చెప్పాలి. నేను ఫ్యాను కింద పడక్కుర్చీలో కూర్చుని అప్పటికప్పుడు పెట్టేశాను. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకు వెళ్లినట్టు, నా తెలివినంతా వెంటేసుకుని రైలెక్కాను.

కరీంనగర్: సింహానికి మేక మొహం

ఖాజా భాయ్ దుకాణంలో సగం క్రికెట్ బ్యాట్లు, సగం క్యారం బోర్డులు. ఫుట్‌బాళ్లు పైన వలలో వేలాడుతున్నాయి, అడిగేవాళ్లు తక్కువని వాటి మీద దుమ్మే చెబుతుంది. కూర్చోగానే చాయ్ వచ్చింది. మా ఊళ్లోనూ చాయ్ పది రూపాయలే, కాకపోతే ఇక్కడ గ్లాసు నిండుతుంది.

జెర్సీలు విప్పి చూపించాడు. కరీంనగర్ జట్టు తన సొంత జట్టు కాబట్టి ‘లొంగని సింహాలు’ అనే పేరు తనే ముందుగా పట్టేశాడు. వీపు మీద సింహం బొమ్మ అచ్చువేయించాడు. ఎంత సేపు చూసినా అది గడ్డం పెంచిన మేకలాగే ఉంది.

“షేర్ లెక్క లేదా సార్?” అన్నాడు.

“ఉంది, ఉంది. కొంచెం శాకాహారి సింహం.”

“ఫికర్ లేదు సార్. మావోళ్లు ఉరికితె వీపు ఎవ్వనికి కనవడది.”

తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఈ పోటీ ఎప్పుడూ బెల్లంపల్లిలోనే జరిగేది. జైనూర్ జట్టు కెప్టెన్ మారుతి, తమ కొండమీది ఊళ్లో ఒక్కసారి పెట్టమని కొన్నేళ్లుగా అడుగుతున్నాడు. అంత దూరం ఎవరొస్తారని బెల్లంపల్లి వాళ్ల పేచీ. చివరికి ఈ ఏడు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఒక్క జట్టు దిగకపోయినా, ఒక్క ఆట పూర్తికాకపోయినా, వచ్చే ఏటి నుంచి పోటీ మళ్లీ బెల్లంపల్లిలోనే, ఇక కొండ ఊసెత్తకూడదు.

“మారుతి పరేషాన్‌ల ఉన్నడు సార్. అందరికంటె మంచి పేరు ఆళ్లకే ఇచ్చిండ్రు మీరు. గది మంచిగైంది.”

నిజమే, ఇచ్చాను. ఆతిథ్యమిచ్చే జట్టు కదా అని జైనూర్‌కు మన దేశం పేరే పెట్టాను: ‘నీలి పులులు’. నాలుగు పేర్లలో నాకు బాగా గర్వంగా అనిపించింది అదే. ఖాజా భాయ్ ఇంట్లో ఖట్టి దాల్ పోసుకుని అన్నం తింటూ కూడా ఆ మాట రెండుసార్లు చెప్పుకున్నాను.

వేములవాడ: ఉడతల అలక

మర్నాడు వ్యాన్లో జెర్సీల మూటలు వేసుకుని బయల్దేరాం. దారిలో ఒక్కో జట్టుకు వాళ్ల బట్టలు ఇచ్చుకుంటూ పోవాలి. వేములవాడలో రాజన్న దర్శనం చేసుకోకుండా కదిలితే పాపమని, మసీదుకు తప్ప ఎక్కడికీ వెళ్లని ఖాజా భాయే నన్ను గుడి దగ్గర దించాడు.

మా వైపు మొక్కంటే తలనీలాలు, కొబ్బరికాయ, మహా అయితే ఇంకో కొబ్బరికాయ. ఇక్కడ కోడెను మొక్కుతారు. కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేసి వస్తారు. ఆ వరసలో వస్తున్న ఒక కోడె తన మొక్కేదో నా పాదం మీద తీర్చుకుంది. నేను కుంటుతూ బయటికి వచ్చేసరికి రాజేశం ఎదురొచ్చాడు. మరమగ్గాలు నడిపేవాళ్ల జట్టుకు అతను కెప్టెన్.

“కోడె తొక్కితె మంచిదే సార్. కష్టాలు పోతయి.”

తర్వాత నలుగురిని అడిగాను. అలాంటి నమ్మకమేదీ లేదన్నారు. నా మీద కోపంతో అప్పటికప్పుడు పుట్టించిన మాట అది. కోపానికి కారణం పేరు. బెనిన్ అనే చిన్న దేశం జట్టును చాలాకాలం ‘ఉడతలు’ అనేవాళ్లు. ఆ పేరు ముచ్చటగా ఉందని నేను వేములవాడకు ఇచ్చాను.

రాజేశం వాళ్లింట్లో సర్వపిండి పెట్టారు. పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకే అద్ది కాల్చిన రొట్టె. నేను రెండోది అందుకునేదాకా ఆగి అతను మొదలుపెట్టాడు.

“ఉడతలేంది సార్? మా వాడకట్టుల పిల్లలు మమ్ముల జూసి కిచకిచమంటున్నరు.”

“బలం తక్కువైనా ఎత్తైన చెట్టు ఎక్కేది ఉడతే కదా రాజేశం. ఒక దేశం దేశమే ఆ పేరు పెట్టుకుంది.”

“మరి ఇప్పుడు గూడ గదే పేరా ఆళ్లకు?”

అబద్ధమాడి ఉండాల్సింది. సర్వపిండి తింటూ అబద్ధం ఆడలేకపోయాను. “ఈమధ్య మార్చుకున్నారు. చిరుతలు అని.”

“చూసిన్రా. గా దేశానికే సిగ్గయింది. మాకు కాదా?”

ఉడుతా భక్తి గురించి ఎత్తబోయాను. “పొద్దంత మగ్గాల నడుమ నిలవడ్తం సార్, భక్తి మస్తున్నది మాకు. జర పేరు గట్టిది ఇయ్యుండ్రి. గా జైనూరోళ్ల పులి మాకియ్యరాదు?” అన్నాడు. ఇవ్వనన్నాను. జెర్సీలు తీసుకున్నాడు గానీ, మడత విప్పి చూడను కూడా చూడలేదు.

బెల్లంపల్లి: బొగ్గు ఊళ్లో రాగి

బెల్లంపల్లి పాత బొగ్గు ఊరు. వరసగా క్వార్టర్లు, కొన్నింట్లో మనుషులు, కొన్నింటికి తాళాలు. మా ఊళ్లో ఎవరిని పలకరించినా పొలం సంగతి చెబుతారు. ఇక్కడ ఎవరిని పలకరించినా ఎప్పుడు దిగిపోయాడో చెబుతారు. దిగిపోవడమంటే రిటైరవడం. గనిలోకి దిగడాన్నీ దిగడమనే అంటారు, ఏది ఏదో ముఖం చూసి తెలుసుకోవాలి.

ఈ జట్టుకు గోల్‌కీపర్ కొమురయ్య. గనిలో పనిచేసి దిగిపోయిన మనిషి, మీసాలకు నల్లరంగు తప్ప వయసును దాచే ప్రయత్నమేమీ లేదు. వీళ్లకు జాంబియా పేరిచ్చాను. అక్కడ నేలలోంచి రాగి తవ్వుతారు, అందుకే జట్టు పేరు ‘రాగి తూటాలు’. నాకు మొదటిసారి మెచ్చుకోలు దొరికింది ఇక్కడే.

“రాగైతేంది బొగ్గైతేంది సార్, కిందికి దిగేటోడు దిగేటోడే. మంచి పేరు పెట్టిండ్రు.” జెర్సీ అప్పటికప్పుడు తొడిగి, జొన్నరొట్టె, మటన్ తెప్పించాడు. కారానికి నా కళ్లు కారుతుంటే, పేరు నచ్చినందుకు ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరాడు.

చేతులు కడుక్కునేటప్పుడు చల్లగా చెప్పాడు. “కని సార్, జైనూర్ జట్టు దిగదంట. మీరు పెట్టిన పేరుతోని.”

“పులి పేరుకేమైంది?”

“అండ్లనే ఉన్నది సంగతి. పోయి చూడుండ్రి. మాకైతే మంచిదే. మల్ల మా గ్రౌండుకే వస్తది ఆట.” దాచకుండా నవ్వాడు. ఖాజా భాయ్ ముఖం మాడిపోయింది. ఆ జలపాతం బోర్డు దగ్గర వ్యాను ఆపకపోవడానికి కారణం ఇదే.

జైనూర్: వీపు దిక్కు మొహాలు

కొండ ఎక్కుతుంటే రోడ్డుకు రెండువైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. పత్తి ఏరేవాళ్లు ఇళ్లకు మళ్లుతున్నారు, ఇంకా చాలా వెలుగుండగానే, గుంపులు గుంపులుగా. ఒకావిడ మాకు ఎదురుగా నడిచి వస్తోందనుకున్నాను. వ్యాను దాటాక తిరిగి చూస్తే అటువైపూ మొహం ఉంది. తల వెనక ప్లాస్టిక్ మొహం కట్టుకుని, మేం వెళ్లే వైపే నడుస్తోంది.

మారుతి వాళ్ల ఊరు జైనూర్‌కు ఆనుకునే ఉంది. మైదానం సిద్ధంగా ఉంది. గోల్ కర్రలకు సున్నం, నాలుగు మూలలా గుంజల మీద మైకు హారన్లు. మారుతి మాత్రం ఉసూరుమంటున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, పత్తి రైతు, గోండు. ఈ మైదానాన్ని చదును చేసింది తనూ తన జట్టూ.

“మా అవ్వ వద్దంటుంది సార్. ఆమె వద్దంటె మిగిలిన అవ్వలు గూడ వద్దంటున్నరు.”

“పేరు కోసమా?”

“గా పేరు మేం తియ్యం. పెద్దాయన అంటం. పేరు తీసి పిలిస్తె వస్తడంటరు.” కొంచెం ఆగి, “నేను నమ్మ సార్. కని చేనుకు పోయినప్పుడు నేను గూడ తియ్య” అన్నాడు.

గుంజల మీది హారన్ల వైపు చూశాను. రేపు పొద్దంతా ఆ పేరును ఆ చేలన్నిటి మీదుగా అరవడానికి తెనాలి నుంచి పనిగట్టుకుని వచ్చిన మనిషిని నేను. కోడె రెండో పాదం కూడా తొక్కినా నాకు అంత ఇబ్బందిగా ఉండేది కాదు.

మారుతి అవ్వ, అంటే తల్లి, సోంబాయి వాకిట్లో మంచం వాల్చి కూర్చోమంది. బెల్లం చాయ్ ఇచ్చింది. జెర్సీ తెచ్చి మంచం మీద వీపు పైకి పరిచింది. అచ్చువేసినవాడు సింహం దగ్గర చూపించని ప్రతాపం ఇక్కడ చూపించాడు. అసలైన పులిలాగే ఉంది.

“దాదా, గీ పేరు పెట్టింది నువ్వేనా?”

అవునన్నాను.

“నువ్వు చూసినవా దాన్ని?”

“జూలో చూశాను.”

“ఊఁ.” లోపలికి వెళ్లి గూట్లోంచి ప్లాస్టిక్ మొహం తెచ్చి జెర్సీ పక్కన పెట్టింది. మీసాలున్న మగ మొహం. “పత్తి ఏరేటప్పుడు వంగి ఉంటం. అది ఎనకనుంచి వస్తది. మొఖం కనవడితె రాదని అడవి ఆఫీసరోళ్లు గివి ఇచ్చిండ్రు. మేం వీపు దిక్కు మనిషి మొఖం కట్టుకొని తిరుగుతున్నం. నువ్వేమో నా కొడుకు వీపు మీద దాని మొఖమే తెచ్చి పెట్టినవ్.”

నేను ఆ ప్లాస్టిక్ మొహాన్ని చేతిలోకి తీసుకుని చూశాను.

“పోయిన పత్తికి నా ఎద్దును గుంజుకపోయింది. నేను గా గట్టు మీదనే ఉన్న. ఎద్దు అరవనన్న అరవలే. ఎద్దు పోతె ఇంకో ఎద్దును తెచ్చుకున్నం.” మారుతి వైపు చూడకుండానే చెప్పింది. “వీడు ఒక్కడే నాకు.”

అప్పటిదాకా నాకు పేర్లంటే పేజీలో ఓ మూల నింపే సరుకు. సిగ్గేసింది. ఆ సిగ్గులో నాకు తెలిసిన పని ఒకటే చేశాను, ఇంకో పేరు వెతకడం. ఏనుగులు, గద్దలు అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఎర్ర దెయ్యాలు అని ఒకరున్నారని చెబితే నవ్వింది.

“దయ్యాలా? ఆళ్లకు అవ్వలు లేరా?”

“దక్షిణాఫ్రికా వాళ్లది ‘బఫానా బఫానా’ అని. అంటే పోరగాళ్లు, పోరగాళ్లు అని.”

“గంతేనా?”

“అంతే.”

“జంతువు లేదు?”

“లేదు.”

“గది మంచిగున్నది,” అంది సోంబాయి. “గది అవ్వలు పెట్టిన పేరు. గది రాయుండ్రి.”

జైనూర్, మర్నాడు

పొద్దున్నే మూడు జట్లూ దిగాయి. రాజేశానికి సంగతి తెలిసి ముఖం వెలిగిపోయింది. అయితే ఆ నీలి జెర్సీలు తమకిమ్మన్నాడు. ఎవరి ఒంటి మీదా ఆ బొమ్మ ఈ ఊళ్లోకి రాకూడదని సోంబాయి తేల్చేసింది. రాజేశం కాసేపు అలిగాడు. తర్వాత అతనే జెర్సీ ఒకటి తీసుకుని లోపలిది బయటికి తిప్పాడు. అచ్చు పూర్తిగా లోపలికి పోయింది.

“బట్టకు రెండు దిక్కులుంటయి. గిటు ఏసుకోండ్రి,” అన్నాడు. తిప్పిన బట్ట మీద మార్కర్‌తో ‘పోరగాళ్లు’ అని అతని జట్టువాళ్లే రాశారు. వారం అంగడికి వచ్చిన జనం, చుట్టుపక్కల గూడేల జనం గట్ల మీద కూర్చున్నారు. ఉడికించిన పల్లీలు పొట్లం పది రూపాయలు. నా తీరం యాసకు ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ‘బంతిని తన్నేశాడండీ’ అని నేను అన్నప్పుడల్లా గట్టు మీంచి ‘అండీ’ అని తిరిగి వినపడేది.

మొదటి ఆటలో మేక మొహం సింహాలు పోరగాళ్ల చేతిలో ఓడాయి. రెండో ఆటలో ఉడతలు ముందు గోలు కొట్టి, ఆ ఆనందంలో రెండు ఇచ్చుకున్నాయి. ఇక ఫైనల్ మిగిలింది. మధ్యాహ్నమే మొదలవ్వాల్సింది. కానీ ఒక పెద్దమనిషి వచ్చాడు, ఆయన వెంట ఇంకొందరు పెద్దమనుషులు వచ్చారు, అందరికీ శాలువాలు, అందరికీ మైకు. క్రీడల వల్ల ఆరోగ్యం కలుగుతుందని ఒకాయన చెప్పి దిగేసరికి నీడలు సాగాయి. మా వైపు కూడా ఈ ఆచారం ఉంది, ఈ ఒక్క విషయంలో రెండు రాష్ట్రాలూ ఒకటే.

ఫైనల్ పోరగాళ్లకూ రాగి తూటాలకూ మధ్య. మారుతి ఒకటి కొట్టాడు, చివర్లో బెల్లంపల్లి సమం చేసింది. సమయం అయిపోయింది. ఖాజా భాయ్ పెనాల్టీలన్నాడు. మొదటిది మారుతి. బంతి చుక్క మీద పెట్టాడు, ఎదురుగా గోలులో కొమురయ్య చేతులు చాపి నిలబడ్డాడు. సూర్యుడు చెట్ల మీదికి వంగాడు. నేను గొంతు సవరించుకుని మైకులో ఏదో అనబోతున్నాను.

పక్క నుంచి ఒక చెయ్యి మైకు తీసుకుంది. సోంబాయి.

“మారుతీ,” అంది. నాలుగు హారన్లలోంచీ ఆ పేరు చేల మీదికి పోయింది. “పొద్దు గూకుతున్నది. ఇంటికి రా.”

గట్టు మీద ఒకరిద్దరు బయటి ఊరివాళ్లు నవ్వారు. ఊరివాళ్లు నవ్వలేదు. ఆడవాళ్లు లేచి తమ తమ మనుషులను వెతుక్కుంటున్నారు. మారుతి కదల్లేదు. అతను బంతి దగ్గర్నుంచి వెళ్లిపోతే ఆట పూర్తికానట్టే, కొండ మీద పోటీ ముగిసినట్టే. అది అక్కడ అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. ఆమె నుంచి మైకు తీసుకోవాలో వద్దో నాకు తెలియలేదు.

ఆమె మళ్లీ మాట్లాడింది. “గా బెల్లంపల్లి పోరగాళ్లు, వేములవాడ పోరగాళ్లు, కరీంనగర్ పోరగాళ్లు గూడ. మీ అవ్వలు ఈడ లేరు. ఆళ్ల దిక్కెల్లి నేను చెప్తున్న. బండ్లు ఎక్కుండ్రి. దారి పొడుగూత అడివి.”

కొమురయ్య చేతి తొడుగులు ఒకటొకటే లాగి తీశాడు. సోంబాయి కంటే అతనే పెద్దవాడై ఉంటాడు. ముందుకొచ్చి, బంతిని వంగి తీసుకుని మారుతి చేతిలో పెట్టాడు.

“గిది నీ దగ్గరుంచు తమ్మీ,” అన్నాడు. “మిగిలింది వచ్చే ఏడు ఆడుదం. పొద్దుగాల్నే పెట్టుండ్రి, ఈడనే.”

తర్వాత మైకు వైపు తిరిగి, “వస్తున్నం అవ్వా,” అని కేకేశాడు.